మన జిల్లాలు ఎట్లా ఏర్పడినవి? ఎవరు నడుపుతారు? పాల సంఘానికి వాటితో ఏమి పని?



తనిఖీ నిమిత్తం మేము పాల సంఘాలకు వెళ్ళినప్పుడు పుస్తకాలు, రశీదులు, వెన్న శాతం రిజిస్టరు చూడడం ముగిసిన తరువాత సభ్యులు కొన్ని ప్రశ్నలు అడుగుతుంటారు. వాటిలో తరచుగా వచ్చేది జిల్లాల సంగతి. "మన జిల్లా మారింది గదా, సంఘం రిజిస్ట్రేషన్ చెల్లుతుందా?" అని ఒకరు. "బొగ్గంతా మన జిల్లాలోనే ఉన్నది, జిల్లా ధనిక జిల్లా అంటున్నారు, మరి మా పశువులకు నీళ్ళ తొట్టి ఎందుకు లేదు?" అని ఇంకొకరు. "మా ఊరు కార్పొరేషన్‌లో కలిసింది, ఇక మేము ఎవరిని అడగాలె?" అని మరొకరు. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. శ్రీరాంపూర్, నస్పూర్, జైపూర్, హాజీపూర్, భీమారం ప్రాంతాల సభ్యులను దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసంలో వీటికి వరుసగా జవాబు చెప్పుతాము. మిగిలిన జిల్లాల సంఘాలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

జిల్లా అనగా ఏమిటి?

ప్రభుత్వం తన పనిని ప్రజల దగ్గరకు చేర్చడానికి రాష్ట్రాన్ని పంచుకున్న భాగమే జిల్లా. చాలా దేశాలలో ఇటువంటి ఏర్పాటు ఏదో ఒక పేరుతో ఉన్నది. అమెరికాలో దానిని కౌంటీ అంటారు. అక్కడ మూడు వేలకు పైగా కౌంటీలు ఉన్నవి. చాలా కౌంటీలలో పోలీసు అధికారి అయిన షెరీఫ్‌ను సైతం ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. కౌంటీ తన ఆస్తి పన్ను తానే వేసుకొని, తన రోడ్ల వంటి పనులకు ఖర్చు పెట్టుకుంటుంది. మన దేశంలో జిల్లాకు పెద్ద కలెక్టరు. ఆయనను ప్రభుత్వం నియమిస్తుంది. ఆయన పక్కనే ప్రజలు ఎన్నుకున్న జిల్లా పరిషత్తు అనే మరో వ్యవస్థ ఉంటుంది. బండికి రెండు ఎడ్లు కట్టినట్లు ఈ రెండూ కలిసి లాగవలసి ఉన్నది. ఏ ఎద్దుకు ఎంత బలం ఉన్నదో తెలిస్తేనే బండి ఎటు పోతుందో తెలుస్తుంది.

నిజాం కాలపు జిల్లాలు

హైదరాబాదు రాజ్యంలో పూర్వం శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు ఖజానాకు ఇంత అని ఒప్పుకొని, రైతు దగ్గర దొరికినంత రాబట్టేవాడు. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని మార్చదలచి, 1865లో జిలాబందీ అనే సంస్కరణ తెచ్చినాడు. రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారును, తాలూకాకు తహసీల్దారును జీతం మీద నియమించినాడు. నేటి కలెక్టరు పదవికి మన దగ్గర మూలం ఈ అవ్వల్ తాలూక్‌దారే. అయితే జాగీర్లు, పాయిగాలు, సంస్థానాలు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ఈ ఏర్పాటు వెలుపలనే ఉండిపోయినవి. కనుక ఒకే జిల్లాలో పక్క పక్క ఊళ్ళలో వేరు వేరు పాలన నడిచింది. 1949లో జాగీర్లు రద్దయిన తరువాతనే అన్ని ఊళ్ళూ ఒకే లెక్క కిందికి వచ్చినవి.

మన ప్రాంతం మొదట సిర్పూరు తాండూరు అనే జిల్లాగా ఉండేది. 1905లో ఆదిలాబాదు పూర్తి జిల్లా అయినది. గోదావరికి ఆవలి ఒడ్డున ఎలగందుల పేరుతో ఉన్న జిల్లా అదే సంవత్సరం కరీంనగర్ జిల్లా అయినది. కొంతకాలం మన జిల్లా కేంద్రం ఆసిఫాబాదులో కూడా నడిచింది. జిల్లా పేరు, జిల్లా కేంద్రం మారడం ఈనాటి వింత కాదని దీనిని బట్టి గ్రహించవచ్చును.

జిల్లాలు ఏర్పడిన కాలంలోనే నేల కింది సంపద కూడా బయటపడింది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదు అయినది. బొగ్గు తవ్వకం ఇల్లందు నుండి గోదావరి వెంబడి పైకి సాగి బెల్లంపల్లికి, కొత్తగూడేనికి, 1960ల నాటికి గోదావరిఖనికి, ఆ తరువాత మందమర్రి, శ్రీరాంపూర్ ప్రాంతాలకు విస్తరించింది. జిల్లా సరిహద్దులను దివానులు, మంత్రులు గీసినారు. బొగ్గు పొరలు ఆ గీతలను చూసుకొని పరుచుకోలేదు. అందువలన ఒకే కంపెనీ పూర్వం ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అనే నాలుగు జిల్లాలలో ఉండేది. ఇప్పుడు అవే గనులు కొమురంభీం ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం అనే ఆరు జిల్లాలకు చెందినవి.

తాలూకా పోయి మండలం వచ్చింది

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1953లో వరంగల్ నుండి ఖమ్మం జిల్లా వేరుపడింది. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆదిలాబాదు జిల్లాకు చెందిన కిన్వట్, రాజురా తాలూకాలు అప్పటి బొంబాయి రాష్ట్రానికి పోయినవి. నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్ తాలూకా మన వైపు వచ్చింది. 1978లో హైదరాబాదు చుట్టూ ఉన్న పల్లెలతో రంగారెడ్డి జిల్లా ఏర్పడి, తెలంగాణలో జిల్లాలు పది అయినవి. ఆ తరువాత 38 సంవత్సరాలు ఒక్క కొత్త జిల్లా రాలేదు.

కాని జిల్లా లోపల ఒక పెద్ద మార్పు జరిగింది. 1984లో పటేల్, పట్వారీ వంటి వంశపారంపర్య గ్రామాధికారుల పద్ధతి రద్దయినది. 1985లో తాలూకాలను తీసివేసి చిన్న చిన్న మండలాలు చేసినారు. అంతకు ముందు శ్రీరాంపూర్ వారికి తహసీలు కచేరి లక్షెట్టిపేటలో ఉండేది. పహాణీ నకలు కావలసినా, కులం కాగితం కావలసినా ఒక రోజు పని పోయేది. మండలాలు వచ్చిన తరువాత మంచిర్యాలలోనే ఆ పని జరిగింది. 2016 నుండి నస్పూర్ ప్రత్యేక మండలం అయినది. పాడి రైతుకు ఇది చిన్న సంగతి కాదు. పొద్దున, సాయంత్రం పాలు పితకవలసిన వాడు రెండు పూటల మధ్య వెళ్ళి రాగలిగినంత దూరంలోనే కచేరి ఉండాలె. పాలకు సెలవు లేదు గదా.

2016 నాటి విభజన

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం పది జిల్లాలతో ఏర్పడింది. అప్పటి ఆదిలాబాదు జిల్లాలో 52 మండలాలు ఉండేవి. మంచిర్యాల నుండి జిల్లా కేంద్రానికి దాదాపు 150 కిలోమీటర్లు. ఒక దరఖాస్తు ఇచ్చి రావడానికి తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగి రావలసి వచ్చేది.

కొత్త జిల్లాను ఏర్పరచడానికి 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ఆధారం. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వం ముందుగా ముసాయిదా ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకొని, ఆ తరువాతనే తుది ఉత్తర్వు ఇవ్వాలె. 2016 ఆగస్టు 22న వచ్చిన ముసాయిదాలో మొత్తం 27 జిల్లాలు ఉండినవి. ప్రజలు అడిగినందువలన, ఆందోళనలు జరిగినందువలన గద్వాల, జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్ కూడా చేరి, 2016 అక్టోబరు 11న దసరా నాడు 31 జిల్లాలు అమలులోకి వచ్చినవి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయినవి. మండలాలు 459 నుండి 2016లోనే 584కు పెరిగినవి. అభ్యంతరం వ్రాసి ఇస్తే ఏమి లాభం అనుకునే వారు ఈ నాలుగు జిల్లాల సంగతి గుర్తు పెట్టుకోవాలె. అడగనిదే అమ్మయినా పెట్టదని పెద్దలు ఊరికే అనలేదు.

పాత ఆదిలాబాదు నాలుగు జిల్లాలుగా మారింది. 2011 జనాభా లెక్కలను కొత్త సరిహద్దులకు సర్దితే మంచిర్యాల జిల్లాకు 8,07,037 మంది, నిర్మల్‌కు 7,09,418 మంది, ఆదిలాబాదుకు 7,08,972 మంది, కొమురంభీం ఆసిఫాబాద్‌కు 5,15,812 మంది వచ్చినారు. మంచిర్యాల జిల్లాలో మండలాలు 18. రెవెన్యూ డివిజన్లు రెండు, మంచిర్యాల, బెల్లంపల్లి. జిల్లా కలెక్టరు కార్యాలయ భవన సముదాయం నస్పూర్‌లోనే కట్టి 2023లో ప్రారంభించినారు. నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కచేరి శ్రీరాంపూర్ వారికి ఇంటి పక్కకు వచ్చింది.

అన్నీ విడిపోయినవా అంటే, లేదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు నేటికీ పాత జిల్లాల లెక్కననే ఉన్నవి. రాష్ట్రంలో 33 జిల్లాలు ఉన్నా కేంద్ర బ్యాంకులు తొమ్మిదే. కనుక అప్పుల విషయంలో మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ రైతులకు కూడా ఆదిలాబాదు కేంద్ర బ్యాంకే దిక్కు. ఉద్యోగాలకు వేరే లెక్క ఉన్నది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మంచిర్యాల, పెద్దపల్లి, ఆసిఫాబాద్, భూపాలపల్లి, ములుగు కలిపి కాళేశ్వరం జోన్ అయినది. జిల్లా స్థాయి ఉద్యోగాలలో 95 శాతం ఆ జిల్లా స్థానికులకే. కాబట్టి మీ పిల్లల చదువు కాగితాలలో జిల్లా పేరు సరిగా ఉండడం అవసరం.

సంఘం రిజిస్ట్రేషన్ సంగతి

జిల్లా మారినంత మాత్రాన సంఘం రిజిస్ట్రేషన్ రద్దు కాదు. సంఘం అనేది చట్టం ముందు ఒక వ్యక్తి వంటిది. ఇంటి చిరునామా మారితే మనిషి మారడు. సంఘం ఆస్తులు, అప్పులు, సభ్యుల వాటాధనం, రిజిస్ట్రేషన్ నంబరు యథాతథంగా ఉంటవి. మారేది తనిఖీ, ఎన్నిక, వివాదాల విషయంలో మీరు వెళ్ళవలసిన జిల్లా సహకార అధికారి కార్యాలయం మాత్రమే.

కొన్ని కాగితాలు మాత్రం సరిచేసుకోవాలె. బైలాలలో కార్యక్షేత్రం అనే చోట పాత జిల్లా, పాత మండలం పేర్లు ఉంటే మహాజన సభలో తీర్మానం చేసి, సవరణను నమోదుకు పంపాలె. బ్యాంకు ఖాతా, సంఘం ముద్ర, ఆడిటు కాగితాలు అన్నింటిలో ఒకే చిరునామా ఉండాలె. ఒక చోట ఆదిలాబాదు జిల్లా అని, మరొక చోట మంచిర్యాల జిల్లా అని ఉంటే, ఏదయినా సాయం మంజూరయినప్పుడు ఆ తేడా పట్టుకొని ఫైలు ఆగుతుంది.

సంఘం బలం జిల్లా పేరులో లేదని చెప్పడానికి ముల్కనూరు మహిళా డెయిరీ మంచి ఉదాహరణ. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, 2000 సంవత్సరంలో అది పని ప్రారంభించింది. అప్పుడు ఆ ఊరు కరీంనగర్ జిల్లా. 2016లో వరంగల్ అర్బన్ జిల్లా అయినది. 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండగా మారింది. ఊరు కదలలేదు, జిల్లా పేరు మూడయినవి, పాల సేకరణ మాత్రం ఆగలేదు. సభ్యులు పొద్దున, సాయంత్రం పాలు పోయడం, సంఘం సకాలంలో డబ్బు చెల్లించడం, ఈ రెండే దానిని నిలబెట్టినవి.

జిల్లాను ఎవరు నడుపుతారు?

ముందు చెప్పిన రెండు ఎడ్ల సంగతికి ఇప్పుడు వస్తాము.

మొదటిది ప్రభుత్వ యంత్రాంగం. కలెక్టరు, రెవెన్యూ డివిజనల్ అధికారి, తహసీల్దారు, వారితో పాటు పశుసంవర్ధక, వ్యవసాయ, సహకార శాఖల అధికారులు. వీరిని ప్రభుత్వం నియమిస్తుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది.

రెండవది ప్రజలు ఎన్నుకున్న పంచాయతీ రాజ్. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం మూడంచెల పద్ధతిని సూచించింది. 1959లో రాజస్థాన్ తరువాత దానిని అమలు చేసిన రెండవ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అప్పుడు గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు ఉండేవి. సమితి ప్రెసిడెంటు అంటే ఆ కాలంలో ఎంత పలుకుబడి ఉండేదో పెద్దవారికి గుర్తే. మండలాలు వచ్చిన తరువాత సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చినవి. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో ఈ సంస్థలకు రాజ్యాంగ రక్ష దొరికింది. అయిదేండ్లకు ఒకసారి ఎన్నికలు జరగాలె. స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు స్థానాలు కేటాయించాలె. ఆ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు ఉన్నవి. వాటిలో పశుపోషణ, పాడి, కోళ్ళ పెంపకం ఒకటి. పశుగ్రాసం కూడా ఉన్నది.

కనుక పాడి సంగతి గ్రామ పంచాయతీకి పట్టదని ఎవరైనా చెప్పితే అది రాజ్యాంగానికి విరుద్ధమయిన మాట. 2018 నాటి తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారి జరగాలె. మీ సంఘం సభ్యులు ఆ సభలో కూర్చుండి పశువుల తొట్టి, మేత భూమి, పశువైద్యుని రాకపోకల గురించి అడగవచ్చును.

జిల్లా పరిషత్తుకు ప్రతి మండలం నుండి ఒక సభ్యుడు ఓట్ల ద్వారా వస్తాడు. 2019లో హైదరాబాదు మినహా 32 జిల్లా పరిషత్తులకు వేరు వేరుగా ఎన్నికలు జరిగినవి. మంచిర్యాలకు సొంత జిల్లా పరిషత్తు అప్పుడే వచ్చింది. అయితే పరిషత్తు సొంతంగా వేసుకోగల పన్ను చాలా తక్కువ. అమెరికా కౌంటీకి మన జిల్లా పరిషత్తుకు అసలు తేడా ఇక్కడే. మన పరిషత్తు రాష్ట్రం, కేంద్రం ఇచ్చే గ్రాంట్ల మీద నడుస్తుంది. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద అన్న సంగతి అందరికీ తెలిసినదే.

ఊరు పట్టణంలో కలిస్తే

బొగ్గు ప్రాంతంలో ఊళ్ళు త్వరగా పట్టణాలవుతవి. మంచిర్యాల జిల్లా జనాభాలో 2011 నాటికే దాదాపు 44 శాతం పట్టణవాసులు. నస్పూర్ 2018లో మున్సిపాలిటీ అయినది. 2025 జనవరిలో మంచిర్యాల, నస్పూర్ మున్సిపాలిటీలు, హాజీపూర్ మండలంలోని కొన్ని గ్రామాలు కలిపి మంచిర్యాల నగరపాలక సంస్థ ఏర్పడింది.

దీనివలన వీధి దీపాలు, మురికి కాలువలు, తాగునీటి పైపులకు ఎక్కువ నిధులు రావచ్చును. కాని పాడి రైతు మూడు సంగతులు తెలుసుకోవాలె. ఒకటి, గ్రామసభ ఉండదు, సర్పంచి ఉండడు. వార్డు కార్పొరేటరు ద్వారా అడగాలె. రెండు, గ్రామీణ ఉపాధి పథకం కింద పశువుల కొట్టం వంటి పనులు గ్రామ పంచాయతీ ప్రాంతానికే గాని నగరానికి వర్తించవు. మూడు, పేడ దిబ్బలు, రోడ్డు మీద తిరిగే పశువుల విషయంలో పట్టణ నియమాలు కఠినం. పశువును బందెలదొడ్డికి తోలితే జరిమానా కట్టి విడిపించుకోవాలె. కనుక కలిసిన గ్రామాలలోని సంఘాలు పేడకు, మేతకు స్థలం విషయం ముందుగానే వ్రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది. ఇండ్ల ప్లాట్లు పడిన తరువాత మేత భూమి దొరకదు.

ఇంకొక తరహా ఊళ్ళు కూడా మన జిల్లాలో ఉన్నవి. రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింది గిరిజన ప్రాంతాలలో పట్టణ పాలనకు సంబంధించిన రాజ్యాంగ నిబంధనలు నేరుగా వర్తించవు. వర్తింపజేయాలంటే పార్లమెంటు చట్టం చేయాలె. ఈ కారణం వలననే 2020లో రాష్ట్రమంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు మందమర్రిలో జరగలేదు. గనులు, కాలనీలు, బజారు అన్నీ ఉన్న పట్టణానికి ఎన్నికయిన కౌన్సిలు లేకుండా అధికారులే పాలన నడిపినారు. గిరిజనుల భూమిని కాపాడడానికి ఉద్దేశించిన రక్షణ ఒక వైపు, పట్టణ ప్రజల ఓటు హక్కు మరొక వైపు. ఈ రెండింటినీ కలిపే చట్టం రావలసి ఉన్నది.

ధనిక జిల్లా, బీద ఇల్లు

ఇక ఆర్థిక తేడాల విషయం. పాత ఆదిలాబాదు నుండి వచ్చిన నాలుగు జిల్లాలు ఒక తల్లి పిల్లలే అయినా ఒకరి బ్రతుకు ఒకరికి లేదు. ఆదిలాబాదుది నల్లరేగడి, పత్తి జిల్లా. పత్తి కట్టె పశువు తినదు గనుక అక్కడ మేత కొరత. నిర్మల్‌కు కడెం, శ్రీరాంసాగర్ నీళ్ళు ఉన్నవి. వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప దొరుకుతవి. కడెం కాలువ నీళ్ళు మన దండేపల్లి, లక్షెట్టిపేట వైపు కూడా వస్తవి. ఆసిఫాబాదులో అడవి, గిరిజన గూడేలు ఎక్కువ. కాగజ్‌నగర్ కాగితపు మిల్లు 2014లో ఆగిపోయి 2018లో తిరిగి తెరుచుకున్నది. సింగరేణి గనులు కొన్ని ఆ జిల్లాలో గోలేటి వైపు ఉన్నవి. మంచిర్యాలకు బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ గనులు, 2016లో జైపూర్ దగ్గర ప్రారంభమయిన 1,200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం ఉన్నవి. గోదావరి దాటితే పెద్దపల్లి జిల్లాలో 2,600 మెగావాట్ల రామగుండం ఎన్.టి.పి.సి., 1999లో మూతపడిన పాత ఎరువుల కర్మాగారం స్థానంలో 2021లో మొదలయిన కొత్త యూరియా కర్మాగారం, గోదావరిఖని గనులు, వాటి వెనుక కాలువ కింది వరి పొలాలు ఉన్నవి. రాష్ట్రం మొత్తం మీద చూస్తే హైదరాబాదును ఆనుకొని ఉన్న రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో ముందు వరుసలో ఉంటుంది. దాని నుండే విడిపోయిన వికారాబాదు వెనుకబడి ఉన్నది. నలభై, యాభై కిలోమీటర్లలోనే అంత తేడా.

ఈ తలసరి ఆదాయం అనే మాటను జాగ్రత్తగా చదవాలె. పాల సంఘంలో ఆ రోజు సగటు వెన్న 6.5 శాతం అని వ్రాస్తాము. అంటే ప్రతి బర్రె 6.5 ఇచ్చిందని కాదు. ఒకరిది 8, మరొకరిది 5 ఉండవచ్చును. జిల్లా లెక్క కూడా అంతే. ఉదాహరణకు వంద ఇండ్ల ఊరు ఒకటి అనుకుందాము. ఇంటికి లక్ష చొప్పున ఊరి ఆదాయం కోటి. ఆ ఊరి పొలిమేరలో ఒక గని తెరిచి, ఏటా తొమ్మిది కోట్ల విలువ తీసినారు అనుకుందాము. లెక్క ప్రకారం ఊరి ఉత్పత్తి పది కోట్లు, ఇంటికి పది లక్షలు. కాగితం మీద ఊరు పది రెట్లు ధనికమయినది. ఏ ఇంట్లోనూ ఒక్క రూపాయి పెరగలేదు. బొగ్గు విలువను గని ఉన్న జిల్లాలో లెక్క వేస్తారు. లాభం మాత్రం కంపెనీ వాటాదారులకు పోతుంది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది.

జిల్లాలో నిజంగా మిగిలేది ముఖ్యంగా జీతాలు. బాయి పనిచేసే కార్మికుని జీతమే శ్రీరాంపూర్ బజారును, మన పాల అమ్మకాన్ని నడుపుతున్నది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల పరిసరాలకు తగ్గినారు. యంత్రాలతో, ఓపెన్ కాస్టులతో బొగ్గు తగ్గలేదు గాని జీతం అందుకునే చేతులు తగ్గినవి. ఓపెన్ కాస్టు వచ్చిన చోట మేత భూమి, చెరువు, కొన్ని చోట్ల ఊరే పోతుంది. మట్టి గుట్టల మీద పశువు మేయదు. అంటే పాలు కొనేవారు తగ్గుతున్నారు, పాలు ఇచ్చే పశువుకు చోటూ తగ్గుతున్నది. ఇది ఏ ఒక్క సంఘం తప్పు కాదు. కాని ఏ సంఘమూ దీనిని పట్టించుకోకుండా ఉండలేదు.

బొగ్గు డబ్బు దారి

బొగ్గు మీద ప్రభుత్వానికి కట్టే రుసుమును రాయల్టీ అంటారు. 2012 నుండి అది విలువలో 14 శాతం. అది రాష్ట్ర ఖజానాకు పోతుంది. దీనికి తోడు 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులు ఉన్న ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే ట్రస్టును ఏర్పరచవలెనని నిర్ణయించినారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులయితే రాయల్టీలో 30 శాతానికి సమానమయిన మొత్తాన్ని, వేలంలో ఇచ్చిన కొత్త లీజులయితే 10 శాతాన్ని కంపెనీ ఈ ట్రస్టుకు అదనంగా కట్టాలె. పాత లీజు గనిలో వంద రూపాయల బొగ్గుకు రాయల్టీ 14 రూపాయలు. దానిలో 30 శాతం అంటే 4 రూపాయల 20 పైసలు ట్రస్టుకు చేరాలె.

ఈ డబ్బు గనుల వలన నష్టపడిన ఊళ్ళ కోసం. తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నివారణ వంటి పనులకు ముందు ఖర్చు పెట్టాలని నిబంధన. ఇది జిల్లా లెక్కన ఉండే నిధి గనుక జిల్లా సరిహద్దు మారితే దీని దారి కూడా మారుతుంది. 2016కు ముందు శ్రీరాంపూర్ బొగ్గు లెక్క పాత ఆదిలాబాదు జిల్లాలో చేరేది. ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో చేరుతుంది. గనులు లేని నిర్మల్‌కు, కొత్త ఆదిలాబాదుకు సింగరేణి బొగ్గు నుండి ఈ విధంగా వచ్చేది లేదు. జిల్లా గీత ఎక్కడ గీసినారన్నది డబ్బు ప్రశ్న అని చెప్పడానికి ఇంతకన్నా తేట ఉదాహరణ అక్కరలేదు.

సంఘాలు చేయవలసినవి

పై సంగతులను బట్టి సభ్యులకు, పాలకవర్గాలకు కొన్ని సూచనలు చేస్తున్నాము.

మొదట, సంఘం కాగితాలలో ఊరు, మండలం, జిల్లా పేర్లు ఒకే తీరున ఉన్నవో లేవో రాబోయే మహాజన సభకు ముందే కార్యదర్శి చూసుకోవాలె.

రెండవది, గని ప్రభావిత గ్రామాల సంఘాలు పశువుల తాగునీరు, మేత భూమి గురించి తీర్మానం చేసి, దాని నకలు గ్రామసభలో పెట్టించి, సభ తీర్మానంగా జిల్లా యంత్రాంగానికి పంపాలె. సంఘం ఒక్కటే వ్రాస్తే అది అర్జీ. గ్రామసభ వ్రాస్తే అది చట్టం గుర్తించిన మాట. తీర్మానంలో బర్రెలు ఎన్ని, ఆవులు ఎన్ని, రోజుకు పాలు ఎన్ని లీటర్లు, నీటి వసతి ఎంత దూరం అనే అంకెలు ఉండాలె. అంకె లేని అర్జీకి అడుగు పడదు.

మూడవది, కార్పొరేషన్‌లో కలిసిన గ్రామాల సంఘాలు తమ సేకరణ కేంద్రం ఉన్న స్థలం ఎవరి పేర ఉన్నదో వెంటనే చూసుకోవాలె. పంచాయతీ స్థలంలో మాట మీద నడుస్తున్న కేంద్రాలు ఉంటే, ఆ స్థలం ఇప్పుడు నగరపాలక సంస్థ అధీనంలోకి పోయి ఉంటుంది. కాగితం లేని కొట్టం ఏనాడయినా ఖాళీ చేయవలసి రావచ్చును.

నాలుగవది, కాలనీ కొనుగోలు ఒక్కదాని మీదనే ఆధారపడకూడదు. ఇంటింటికీ పాలు పోస్తే లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ వస్తవని సంఘానికి పాలు పోయడం మానివేసే సభ్యులు కొందరు ఉన్నారు. కార్మికుడు పదవీ విరమణ చేసి సొంత ఊరికి పోతే ఆ ఇంటి వాడిక పోతుంది. సంఘం మాత్రం నీ పాలు ఏ రోజూ వద్దనదు. వాడికకు కొన్ని పాలు పోసినా, పశువు పాలిచ్చిన అన్ని రోజులూ సంఘం పాస్ పుస్తకంలో ఎంతో కొంత పడేటట్లు చూసుకోవాలె.

అయిదవది, ఏ ఎన్నిక అయినా సరే, గ్రామ వార్డు నుండి జిల్లా పరిషత్తు వరకు, ఓటు అడగడానికి వచ్చిన వారిని పాడి గురించి ఒక ప్రశ్న అడగాలె. పశుపోషణ తమ సంస్థకు సంబంధించిన అంశమని వారికి మనమే గుర్తు చేయాలె.

జిల్లా గీతలను ప్రభుత్వం గీస్తుంది. మళ్ళీ మార్చవచ్చును కూడా. బొగ్గు ఏనాటికయినా అయిపోయే సరుకు. ఇల్లందులో మొదలయిన తవ్వకం ఊరు వెనుక ఊరు దాటి మన దగ్గరకు వచ్చినట్లే, మనలను కూడా దాటిపోతుంది. నేల మీద గడ్డి, తొట్టిలో నీళ్ళు, కొట్టంలో పశువు, ఊళ్ళో సంఘం ఉంటే అవి ఏటేటా తిరిగి ఇచ్చే సంపద. ఆ నాలుగింటినీ కాపాడుకోవడానికి ఏ కచేరిలో, ఏ సభలో, ఏ కాగితం మీద అడగాలెనో సభ్యులందరూ తెలుసుకొని, ఈ వ్యాసాన్ని సంఘం కేంద్రంలో చదివి వినిపించగలరని మా మనవి.

— సహకార ఇన్‌స్పెక్టరు, శ్రీరాంపూర్